కాల్చని మొగలిపువ్వు

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో రంగనాథానికి ధాన్యం కొట్టు ఉంది. కొట్టు వెనక గోనెసంచులు పడేసుకునే రేకుల షెడ్డును ఆయన కూతురు అనూరాధ తీసుకుని మట్టిపూల పని పెట్టింది. గోడకు తగిలించుకునే పూలు. మొగలి, తంగేడు, జిల్లేడు, జీడిపూత. బంకమట్టితో రేకు రేకుగా చేసి, ఆరబెట్టి, కరెంటు బట్టీలో కాల్చి, రంగు పూసి మళ్లీ కాలుస్తారు.

ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. పనిలో చేరిన మనిషి చేసిన మొదటి పువ్వును అమ్మరు. చేసిన మనిషే దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ఎవరికిచ్చావని మిగతావాళ్లు అడగకూడదు. ఇచ్చినదాన్ని తిరిగి తెచ్చుకోకూడదు.

నియమం అనూరాధ న్యూజిలాండ్ నుంచి తెచ్చుకుంది. అక్కడ సముద్రం పక్క ఊళ్లో మట్టిపని శిబిరం జరిగితే వెళ్లి ఒక చలికాలం ఉండి వచ్చింది. నేర్పినావిడ అక్కడి మూలవాసులైన మావోరీల మనిషి. పేరు మెరె. ఆవిడ ఇంటి గోడ మీద వాళ్ల అడవిలో పూసే పూలన్నీ మట్టిలో ఉండేవి. అనూరాధ మొదట వాటినే చూసి చేసింది. మెరె చూసి బాగున్నాయంది. "ఇవి మావి. మీ దగ్గర ఏం పూస్తాయి?" అని కూడా అడిగింది. అనూరాధ గులాబీ అంది. తర్వాత ఆలోచించుకుని, గులాబీ కాదంది.

మెరె వాళ్లమ్మ నారమొక్క ఆకులతో బుట్టలు, చాపలు అల్లేది. ఆ మొక్కకు నడుమ మొవ్వు వస్తుంది. వాళ్ల లెక్కలో అది బిడ్డ. దానికి అటూ ఇటూ ఉన్న ఆకులు తల్లీ తండ్రీ. ఎంత అవసరమొచ్చినా ఆ మూడింటినీ కొయ్యరు. బయటి ఆకులే కోస్తారు. అల్లిక నేర్చుకున్న మనిషి తన మొదటి అల్లికను దగ్గర ఉంచుకోదు, ఇచ్చేస్తుంది. మెరె మట్టిపనిలోనూ ఆ పద్ధతే పెట్టుకుంది.

అనూరాధ తిరిగొచ్చి ఇదంతా చెబితే రంగనాథం, "బోణీ ఊరికే ఇచ్చేసే వ్యాపారం మన ఇంటావంటా లేదమ్మా," అన్నాడు. షెడ్డు మాత్రం ఖాళీ చేయమనలేదు.

ఆ షెడ్డులో పనికి చేరినవాళ్లలో భరణి ఒకతె. ఆమెది కళింగపట్నానికి ఇవతల కొత్తరేవుపేట. తండ్రి నరసింగరావు వేటకు వెళ్లి సముద్రంలో పోయాడు. తల్లి తాతమ్మ చేపలు అమ్ముతుంది. అనూరాధ నారమొక్క సంగతి చెబుతుంటే భరణి మధ్యలో అందుకుంది.

"మా మొగలి కూడా అంతేనండి. మొవ్వు కోస్తే పొదే సచ్చిపోద్ది. సిన్నప్పుడు నాను ముడితే మా యమ్మ కొట్టింది."

"మొవ్వునా, నిన్నా?" అంది పక్కనున్న శైలజ.

"నన్నే. మొవ్వుని కొడతారేటి?"

మొగలిపువ్వును ఎలా చెయ్యాలో ఆ షెడ్డులో తేల్చింది భరణే. ముందు మొవ్వు నిలబెట్టాలి. దానికి చెరోపక్క రెండు రేకులు అతకాలి. వాటిని అమ్మరేకు, అయ్యరేకు అనడం ఆమే మొదలుపెట్టింది. మిగతా రేకులు ఆ తర్వాత. అంచున ముళ్లు గియ్యడానికి ఇంటి నుంచి చేపముల్లు తెచ్చుకుంది. అన్నీ అయ్యాక పువ్వు వెనక ఎడమచేతి బొటనవేలితో నొక్కేది. గోడ మేకు ఆ నొక్కులో కూర్చుంటుంది. షెడ్డులో అందరూ అలాగే నొక్కుతారు. భరణి నొక్కును మాత్రం గుర్తుపట్టవచ్చు. చిన్నప్పుడు చేపలు కోస్తూ కత్తి దిగి, ఆ వేలికి అడ్డంగా గాటు పడింది. మట్టి మీద కూడా ఆ గీత పడేది.

మొదటి పువ్వు కాలి వచ్చాక భరణి దాన్ని గుడ్డలో చుట్టుకుని ఒక శనివారం పట్టుకెళ్లింది. ఎవరికని ఎవరూ అడగలేదు. తల్లికి ఆ పువ్వు సంగతే తెలియదు. మనింటికొకటి తేవేటే అని తాతమ్మ అడిగితే, సెయ్యడం బాగా రానీ అమ్మా, అప్పుడు తెస్తాను అనేది.

నిరుడు వానల్లో భరణికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. శ్రీకాకుళం ఆస్పత్రిలో చేర్చారు. డాక్టర్లు చేసేదంతా చేశారు. ఆదివారం పొద్దున పోయింది.

పెళ్లికాని పిల్లను ఆ ఊళ్లో కాల్చరు. మొగలిపొదల అవతల ఇసుకలో పాతిపెట్టారు. కబురు విని మేనత్త కన్యాకుమారి కళింగపట్నం అవతలి ఊరి నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. ఆమె నరసింగరావు చెల్లెలు. తాతమ్మ మనిషిని పంపి ఆమెను వీధి చివరే ఆపించింది. శవాన్ని ఎత్తేదాకా కన్యాకుమారి అక్కడే నిలబడి, అదే ఆటోలో వెళ్లిపోయింది.

ఈ కోపానికి తొమ్మిదేళ్లు. నరసింగరావు పోయింది కన్యాకుమారి భర్త ధనరాజ్ పడవలో. అల పడవను బోర్లా వేసింది. ధనరాజ్ డీజిల్ డబ్బా పట్టుకుని ఒడ్డుకు చేరాడు. నరసింగరావు చేరలేదు. డబ్బాని పట్టుకున్నోడు బావ సెయ్యి పట్టుకోలేకపోయాడా అని తాతమ్మ పదిమందిలో అడిగింది. ధనరాజ్ జవాబు చెప్పలేదు. ఆనాటి నుంచి ఆ గుమ్మం తొక్కనని తాతమ్మ ఒట్టు పెట్టుకుంది. ఇన్నేళ్లూ తొక్కలేదు.

పిల్ల పోయిన నెలకు తాతమ్మ ఆమదాలవలస వచ్చింది. భరణి చున్నీ, టిఫిన్ డబ్బా, చేపముల్లు శైలజ ఒక సంచిలో పెట్టి ఉంచింది. తాతమ్మ సంచి తీసుకుని షెడ్డంతా చూసింది. ఆరబెట్టే బల్ల మీద ఒక మొగలిపువ్వు ఉంది.

"అది భరణిదే పిన్నీ," అంది అనూరాధ. "జ్వరం రాకముందు చేసింది. తను చేసిన మిగతావన్నీ విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లో అమ్ముడైపోయాయి. ఇదొక్కటే మిగిలింది. కాల్చి, రంగేసి నేనే పట్టుకొస్తాను."

"కాల్చడమేటి?"

"బట్టీలో పెట్టి కాల్చాలి. కాలిస్తేనే నిలుస్తుంది."

తాతమ్మ పువ్వును రెండు చేతులతో తీసి వెనక్కి తిప్పింది. నొక్కు ఉంది. నొక్కుకు అడ్డంగా గీత ఉంది.

"నా గుంటని నిప్పులో ఎట్టనేదు. ఇసకలో ఎట్టినాం," అంది. "దాని సేతిది నిప్పులో ఎట్టనిస్తానేటి?"

"పచ్చిది ఉండదు పిన్నీ. నీళ్లు తగిలితే మళ్లీ మట్టే."

"నీళ్లు తగలనియ్యను."

"సముద్రం గాలికే చెమ్మ పట్టేస్తాది పెద్దమ్మా," అంది శైలజ.

"నా ఇల్లు నాకు తెల్దేటే?"

అనూరాధ మర్నాడు కొత్తరేవుపేట వెళ్లి, లోపలిగదిలో గాలి తగలని గోడ చూసి మేకు కొట్టింది. పువ్వును తగిలించింది. తడిచెయ్యి పెట్టవద్దని మళ్లీ చెప్పింది. తాతమ్మ తల ఊపింది.

చలికాలమంతా పువ్వు అలాగే ఉంది. తాతమ్మ పొద్దున లేచి దానికి దండం పెట్టుకుని తట్ట ఎత్తుకునేది. దుమ్ము పడితే పావడాగుడ్డతో విసిరేది.

వేసవిలో వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డెక్కాయి. ఆ రోజుల్లోనే ఊళ్లో గంగమ్మ పండగ. పెళ్లికాకుండా పోయిన ఆడపిల్లను ఆ ఊరివాళ్లు పేరంటాలుగా ఇంట్లో నిలుపుకుంటారు. గోడవారగా ఒక చెక్కో, పసుపుముద్దో, గాజులో పెట్టి, అదే పిల్ల అనుకుంటారు. పండగ ముందురోజు ఇంటింటా పేరంటాళ్లకు పసుపు రాసి చెంబుతో తానం పోస్తారు. తానం అయితేనే ఆ పిల్ల మర్నాడు గంగమ్మ వెంట ఊరేగింపులో నడుస్తుందని వాళ్ల నమ్మకం.

వీధిలో ఉండే తులసి గుమ్మంలోంచి తొంగిచూసింది.

"ఏటే తాతమ్మా, నీ పేరంటాలికి తానం నేదేటి?"

"నీళ్లు పొయ్యకూడదంట."

"ఎవులన్నారు?"

"ఆమదాలవలస కోమట్ల పాప."

"వాళ్ల పేరంటాలా, మన పేరంటాలా? ఊళ్లో పిల్లలంతా తానాలాడి బొట్లెట్టుకుని కూకున్నారు. నీ పిల్లొక్కర్తే జొరంతో పోయిన ఒంటితో ఎల్తాదా గంగమ్మ కాడికి?"

తులసి వెళ్లిపోయింది. జ్వరం మాట ఇంట్లో ఉండిపోయింది. భరణికి ఆస్పత్రిలో చివరి రోజుల్లో స్నానం లేదు. వానలో, తొందరలో, పాతిపెట్టే ముందు పోసింది కూడా పేరుకే.

తాతమ్మ చెంబు తీసుకోలేదు. పసుపు గిన్నెలో వేసి, వేలికొస తడుపుకుని, మొవ్వుకు రాసింది. ఏమీ కాలేదు. అమ్మరేకుకు రాసింది. రేకు అంచు వేలితోపాటు వచ్చేసింది.

మట్టి పగిలితే ఏం చెయ్యాలో ఆ ఊళ్లో ప్రతి ఆడదానికీ తెలుసు. పొయ్యి పగిలితే చెయ్యి తడుపుకుని పామితే పగులు పూడుతుంది. తాతమ్మ కూడా చిన్నప్పటి నుంచీ అలాగే పూడ్చింది. ఆమె చెయ్యి తడుపుకుని పువ్వును పామింది. ఒక పగులు పూడి ఇంకోచోట విచ్చింది. అక్కడా పామింది. పువ్వు మేకు మీద నుంచి జారబోతే వెనక బొటనవేలు పెట్టి పట్టుకుంది. తీసి చూసేసరికి రేకులు లేవు, ముళ్లు లేవు. వెనక నొక్కు ఉంది. అందులో గీత లేదు. అది తాతమ్మ బొటనవేలు.

పండగకు ఆమె బయటికి రాలేదు. పండగయ్యాక ఆ మట్టిని భరణి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆమదాలవలస వచ్చింది. డబ్బాను బల్ల మీద పెట్టి మూత తీసింది.

"ఇప్పుడు కాల్చు," అంది.

అనూరాధ డబ్బాలోకి చూసింది.

"కాల్చినా భరణి వేలిముద్ర రాదు పిన్నీ. ఇప్పుడిది నువ్వు చేసినదే."

"మరొకటి నేదా? దాని సేతిది?"

"అన్నీ అమ్మేశాం. ఎవరెవరు కొన్నారో తెలీదు."

శైలజ తలెత్తకుండా రేకు ఒత్తుకుంటోంది. తల ఎత్తకుండానే, "మొదటిదుంది," అంది.

"శైలజా," అంది అనూరాధ.

"నా స్కూటీ మీదే ఎల్లాం మేడం. నాకెలా తెలీకుండా ఉంటాది?"

"ఎవులికిచ్చింది?" అంది తాతమ్మ.

"అడక్కూడదు పిన్నీ. ఇచ్చినదాన్ని తిరిగి..."

"నాను తల్లిని. తల్లి అడక్కూడదని ఎవులు రాసినారు?"

అనూరాధ ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆమె బయటికి వెళ్లి, మెరెకు జరిగిందంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పి పంపింది. లోపలికి వచ్చేసరికి శైలజ చెప్పేసింది.

"వాళ్ల మేనత్తకి. కన్యాకుమారమ్మకి."

తాతమ్మ డబ్బా మూత పెట్టింది. ఎవరి ముఖమూ చూడకుండా రోడ్డు మీదికి వెళ్లింది. అనూరాధ వెనకే బస్సు దాకా వెళ్లింది. తాతమ్మ కిటికీ పక్కన కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, అవతలి వైపు చూస్తూ ఉండిపోయింది.

మెరె జవాబు మర్నాడు వచ్చింది. పెద్దదేమీ కాదు. తల్లి వెళ్లి చూడవచ్చు. వెళ్లేటప్పుడు ఖాళీ చేతుల్తో వెళ్లవద్దని చెప్పు. అంతే. అనూరాధ ఆ మాట ఫోన్ చేసి చెప్పింది. తాతమ్మ విని పెట్టేసింది.

వారం తిరక్కుండా డబ్బాతో మళ్లీ వచ్చింది.

"ఖాళీ సేతుల్తో ఎల్లకూడదంటే ఏటి పట్టుకెల్లాల? వేట నేదు, సేపలు నేవు. ఉన్నా, సేపలోల్లింటికి సేపలు పట్టుకెల్తారేటి ఎవులైనా?" అంది. "ఈ మట్టి మళ్లీ పనికొస్తాదా?"

"వస్తుంది. కాల్చలేదు కదా. నానబెట్టి పిసికితే మళ్లీ మామూలు మట్టే."

"అయితే నాను పువ్వు సేస్తాను. ఇదిచ్చి అది తెచ్చుకుంటాను."

"అలా కుదరదు పిన్నీ. నువ్వు చేసినా అది నీ మొదటి పువ్వవుతుంది. మారకానికి ఇవ్వకూడదు, ఇచ్చెయ్యాలి అంతే."

"నీ రూల్సు నీ కాడుండనీ పాపా. మట్టి నానెట్టు."

మట్టి నానింది. పసుపు కూడా అందులోనే కలిసింది. అనూరాధ దాన్ని గుడ్డలో వడకట్టి, చాలినంత కొత్త మట్టి కలిపి ముద్ద చేసి ఇచ్చింది. తాతమ్మ నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. శైలజ పక్కన కూర్చుని వరస చెప్పింది. మొవ్వు, అమ్మరేకు, అయ్యరేకు. మొవ్వు నిలబెట్టడం తాతమ్మకు రాలేదు. నిలబెట్టిన ప్రతిసారీ ఒరిగింది. చివరికి రెండు రేకులు ముందే నిలిపి, వాటి మధ్య మొవ్వును ఇరికించింది.

"వరస తప్పింది పెద్దమ్మా."

"పిల్ల నిలబడకపోతే పట్టుకోవాల కదే."

రేకులు మందంగా వచ్చాయి. అంచులకు ముళ్లు భరణి చేపముల్లుతోనే గీసింది. శైలజ తల ఒకపక్కకు వంచి చూసింది.

"ఇది మొగలిపువ్వా, కొర్రమీను తోకా?"

"సేప మొకం నాకు తెలుసు. పువ్వు మొకం నాకేటి తెల్సు?" అంది తాతమ్మ. పిల్ల పోయాక ఆమె నవ్వడం శైలజ అప్పుడే చూసింది. ఆ నవ్వు తొందరగానే పోయింది.

ఆరాక అనూరాధ బట్టీ దగ్గర ఆగి అడిగింది. "కాల్చమంటావా పిన్నీ?"

"కాల్చు. ఇది నాదే కదా. నన్నెలాగూ కాలుస్తారు."

రెండోసారి బట్టీలోంచి తీసినప్పుడు అయ్యరేకు మీద చీలిక కనిపించింది. అది అతికేది కాదు, ఊడేదీ కాదు. తాతమ్మ చీలికను గోటితో తడిమి చూసి, పువ్వును భరణి చున్నీలో చుట్టి తట్టలో పెట్టుకుంది. నీళ్ల చెంబు తెప్పించి ఒక చుక్క పువ్వు మీద వేసి చూస్తుందేమోనని శైలజ అనుకుంది. తాతమ్మ వెయ్యలేదు.

శ్రీకాకుళం దాకా బస్సు, అక్కడి నుంచి కళింగపట్నం ఆటో, ఆ తర్వాత నడక. కన్యాకుమారి ఇల్లు ఒడ్డుకు దగ్గర. శ్లాబు గది, ముందు రేకుల పంచ. పంచలో ధనరాజ్ వల బాగు చేసుకుంటున్నాడు. తాతమ్మను చూసి లేచాడు. వలను అక్కడే వదిలేసి ఒడ్డు వైపు వెళ్లిపోయాడు.

పువ్వు ద్వారం పక్క గోడ మీదే ఉంది. భరణి మొదటి పువ్వు. రంగు ఏమిటో తెలియకుండా పసుపు పట్టి ఉంది. మొవ్వుకు బొట్టు ఉంది. పువ్వు కింద గోడ, గోడ కింద నేల తడిగా ఉన్నాయి.

కన్యాకుమారి లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వచ్చినావా వదినా?"

"వచ్చినాను."

"కూకో."

"కూకోడానికి రానేదు."

"తెల్సు. ఇవ్వను."

"నానింకా అడగనేదు."

"తొమ్మిదేళ్లు రానోల్లు ఊరికే వస్తారేటి? ఆమదాలవలస పిల్ల నీకు సెప్పేసుంటాది. ఇవ్వను వదినా, అడక్కు."

తాతమ్మ తట్ట దించి చున్నీ విప్పింది.

"ఊరికే ఇమ్మననేదు. మారకం తెచ్చినాను."

కన్యాకుమారి పువ్వును చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"ఎవులు సేసినారిది? మేకుకి తగిలిస్తే గోడ పడిపోద్ది."

"నాను."

"నువ్వా?"

"గుంట ఆకర్న సేసిన పువ్వు నా కాడుండేది. పసుపు రాయబోయి కరగబోసుకున్నాను. ఆ మట్టే ఇది."

కన్యాకుమారి పువ్వును తట్టలో పెట్టింది. అరుగు మీద కూర్చుంది. మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"పడవలో పోయినోడు నీకు మొగుడు. నాకు అన్న. ఆ రోజు నన్నెవులూ ఏటీ అడగనేదు. సర్లే. గుంట పోతే పరిగెట్టుకొచ్చినాను. వీధి సివర ఆపించీసినావు. మొకం సూడనియ్యనేదు. దాని మొకం నాను ఆకర్న సూసింది ఇక్కడ, ఈ పంచలో, ఇది ఇచ్చినప్పుడు. రోజూ తానం పోస్తన్నాను దీనికి. దీన్నిచ్చీమంటావా?"

తాతమ్మ పువ్వు వైపే చూస్తోంది.

"ఇచ్చినప్పుడు ఏటన్నాది?"

"మా యమ్మ రాదు అత్తా, నాను వస్తాను అన్నాది. మావకి టీ ఎట్టిచ్చి ఎల్లింది. నాను పంచదార తక్కువేస్తన్నానని నన్నే తిట్టింది."

ఒడ్డు మీద పిల్లలెవరో పడవ మీదికి ఎక్కి దూకుతున్నారు. ధనరాజ్ వాళ్లను అదిలిస్తున్న గొంతు వినిపించింది.

"ఒకపాలి ఎనక్కి తిప్పి సూస్తాను," అంది తాతమ్మ. "సూసి ఇచ్చెస్తాను."

కన్యాకుమారి లేచి పువ్వును మేకు మీద నుంచి తీసింది. ఇవ్వడానికి ముందు కొంగుతో తుడిచింది. తాతమ్మ వెనక్కి తిప్పింది. నొక్కు ఉంది. దానికి అడ్డంగా గీత ఉంది. గీత మీద కాలిన రంగు గట్టిపడి మెరుస్తోంది. తాతమ్మ తన బొటనవేలు అందులో పెట్టింది. వేలు గోరు దాకానే దిగింది. భరణిది సన్న వేలు. అక్కడే ఆపి నిలబడింది.

కన్యాకుమారి తొందరపెట్టలేదు. కొంతసేపటికి చెయ్యి చాపింది. తాతమ్మ పువ్వును ఆ చేతిలో పెట్టింది. కన్యాకుమారి దాన్ని మేకుకు తగిలించింది.

తాతమ్మ చున్నీ మడిచి తట్టలో వేసుకుంది. తన పువ్వును తీసి అరుగు మీద పెట్టింది.

"ఇది కూడా ఉంచు."

"మారకమా? ఇవ్వనన్నాను కదా."

"కాదు. మొదటిది ఉంచుకోకూడదంట. ఇచ్చీయాలంట."

"ఎవులన్నారు?"

"అదే అనుంటాది. నీకిచ్చినప్పుడు అననేదా?"

కన్యాకుమారి లోపలికి వెళ్లి మేకు వెతికి తెచ్చింది. సుత్తి దొరకలేదు. లంగరుకు కట్టే రాయి తెచ్చి కొట్టింది. మొదటి మేకు వంగింది. రెండోది దిగింది. తాతమ్మ చేసిన పువ్వును భరణి పువ్వు పక్కన తగిలించింది. అది కొంచెం ఒరిగింది. సరిచేసింది, మళ్లీ ఒరిగింది. అలాగే వదిలేసింది. గోడ పడలేదు.

తర్వాత పసుపు గిన్నె, నీళ్ల చెంబు తెచ్చి వదిన ముందు పెట్టింది.

తాతమ్మ పసుపు వేలికి తీసుకుంది. భరణి పువ్వు మొవ్వుకు ఒక చుక్క రాసి వేలు వెనక్కి తీసుకుని చూసింది. అమ్మరేకుకు రాసింది. అంచులు చేతికి రాలేదు. చెంబు ఎత్తింది. ఎత్తి పట్టుకుని ఆగింది. చెంబు ఒరిగి నీళ్లు మణికట్టు మీదికి కారాయి.

"పొయ్యి వదినా," అంది కన్యాకుమారి. "కరగదు. నాను రోజూ పోస్తన్నాను."

తాతమ్మ పోసింది. పసుపు రేకుల మధ్య నుంచి దిగి గోడ మీద చారలుగా జారింది. పువ్వు అలాగే ఉంది. ముళ్లు ఉన్నాయి. తాతమ్మ చెంబంతా పోసింది. కన్యాకుమారి చెంబు అందుకుని మళ్లీ నింపుకొచ్చింది. తాతమ్మ అది కూడా పోసింది. ఆస్పత్రిలో పొయ్యలేని నీళ్లు, పాతిపెట్టేనాడు తొందరలో పొయ్యని నీళ్లు. ఎన్నిసార్లు నింపుకొచ్చిందో కన్యాకుమారి చూసుకోలేదు. పంచంతా తడిసింది. ధనరాజ్ వల తడిసింది. నీళ్లు పంచ అంచు మీద నుంచి ఇసుకలోకి వెళ్లి ఇంకిపోయాయి.

"కూడు తినెల్లు," అంది కన్యాకుమారి.

"ఇంకోపాలి."

"ఎప్పుడు?"

తాతమ్మ తట్ట ఎత్తుకుంది. ఒడ్డు దారిన వెళ్తే ధనరాజ్ ఎదురుపడ్డాడు. ఆమె ఆగలేదు. అతను పక్కకు తప్పుకుని, ఆమె దాటేదాకా నిలబడ్డాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. లోపలిగదిలో అనూరాధ కొట్టిన మేకు గోడకు ఉంది. దాని చుట్టూ పసుపు మరక ఉంది. తాతమ్మ తట్టను మూల బోర్లించి, తట్ట కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు తీసి ఆ మేకుకు తగిలించింది. తర్వాత పొయ్యి వెలిగించడానికి వెళ్లింది.